డ్రైవర్ మార్చారు

ఆ ఉదయం ఆకాశం కురిసేదీ కాదు, వెలిసేదీ కాదు. పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఇళ్ళ కప్పుల మీదికి వేలాడుతోంది. ఏజెంట్ కొంగ మెకానిక్ వేషంలో, చేతులకు నిజం గ్రీజే పూసుకుని, వెనక గేటు గుండా ఆఫీసులోకి వచ్చాడు. పొడుగాటి మనిషి. కదలకుండా గంటలకొద్దీ కాపు కాస్తాడని డిపార్ట్‌మెంటు పెట్టిన పేరది.

చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన కూర్చోమనలేదు.

"ఇవాళ వంతెన మీద బందీల మార్పిడి. తెలుసుగా?"

"తెలుసు సార్."

"మన జవాన్ల బట్టలు చీలికలయ్యాయట. అవతలివాళ్ళ యూనిఫారాల్లోనే నడిచొస్తారు. ఇవతల కాపలా కాసే మన పికెట్ జవాన్ల వేళ్ళు ట్రిగ్గర్ల మీద ఉంటాయి. రేడియోలు, ఫోన్లు ఆపాలని ఒప్పందం. కాబట్టి కాల్చొద్దన్న ఆర్డర్ కాగితం మీదే వెళ్ళాలి."

"ఇబ్బంది ఎక్కడ సార్?"

"ఇది నెత్తుటితో ముగియాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. అందులో చేరి ఉన్న మన ఏజెంట్ మైనా రెండంటే రెండు మాటలు పంపింది. 'డ్రైవర్ మార్చారు.' ఆ వెంటనే లైను తెగింది."

"ఏ డ్రైవర్ని?"

"అది నేనే చెప్తే నువ్వెందుకయ్యా?"

కొంగ నేరుగా జీపుల షెడ్డుకి పోయాడు. వంతెనకి ఆర్డర్ మోసుకెళ్ళే జీపు పక్కన ఒక పెద్ద వయసు మనిషి బానెట్ తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. అందరూ అతన్ని బాబాయ్ అంటారు. నిన్ననే ఈ డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాడని షెడ్డులో చెప్పారు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. కొత్త చొక్కా, ఇంకా మడతలు విడలేదు.

"ఈ డ్యూటీ ఎందుకడిగావ్?"

"ఊరికే సార్. వంతెన చూద్దామని."

"వంతెన చూడ్డానికి కొత్త చొక్కానా? అదేమన్నా పెళ్ళికూతురా?"

షెడ్డులో ఇద్దరు నవ్వారు. బాబాయ్ మళ్ళీ బానెట్ తుడవబోయాడు. వచ్చే బందీల పేర్లు రహస్యం. తనకి చెప్పినవాడి ఉద్యోగం ఊడుతుంది. అందుకని అతను పెదవి విప్పలేదు. ఆ మౌనం కొంగకి మరోలా అర్థమయింది. లాగి చెంప మీద కొట్టాడు. అందరి ముందూ చొక్కా విప్పించి వెతికాడు. వైరు లేదు, ట్రాన్స్‌మిటర్ లేదు. సీటు కింద సంచిలో కొత్త చెప్పుల జత మాత్రం దొరికింది. బాబాయ్ పాదాలకన్నా రెండు వేళ్ళంత పెద్దవి. మైక్రోఫిల్మ్ అనుకుని కొంగ బ్లేడుతో రెండు అట్టలూ చీల్చాడు. లోపల తోలు తప్ప ఏమీ లేదు.

"అవి వద్దు సార్..." అన్నాడు బాబాయ్, దెబ్బ తిన్నప్పుడు అనని మాట.

అతన్ని స్టోర్ రూంలో వేసి తాళం పెట్టారు. ఆర్డర్ ప్రింటయింది, కవర్లో సీలయింది, మోటార్ సైకిల్ మీద వంతెనకి బయల్దేరింది. మిషన్ పూర్తయిందనుకుని కొంగ సింకు దగ్గర గ్రీజు కడుక్కుంటున్నాడు.

అప్పుడు వచ్చింది మైనా. నల్లకళ్ళద్దాలు, ఎత్తు మడమలు, మెడలో ప్రింటర్ కంపెనీ సర్వీస్ ఇంజనీర్ బ్యాడ్జి. ఆమెకన్నా ముందు ఆమె సెంటు లోపలికొచ్చింది.

"డ్రైవర్ తీసేశారా?"

"తీసి స్టోర్ రూంలో పడేశాను."

"పడేశారా? ఏంటి, సీడీనా?"

"సీడీ ఏంటి? మనిషిని!"

మైనా కళ్ళద్దాలు తీసింది. "మనిషైతే 'డ్రైవర్‌ని మార్చారు' అంటాను కదండీ. నేను 'ని' పెట్టానా? వస్తువు గనకే పెట్టలేదు. చిన్నప్పుడు విభక్తుల పాఠం రోజున బడి ఎగ్గొట్టారా ఏంటి? ప్రింటర్ డ్రైవర్ మహాప్రభో! కంప్యూటర్లో కూర్చిన అక్షరాల్ని ప్రింటర్‌కి మోసే ప్రోగ్రాం. ముఠా నిన్న నా చేతే మార్పించింది. కాదంటే నన్ను బతకనిచ్చేవాళ్ళు కాదు."

కొంగ చెవులు కాలిపోయాయి. ఆ 'ని' తను చేర్చుకున్నదే.

ముగ్గురూ కంప్యూటర్ చుట్టూ మూగారు. మూడో మనిషి టైపుసెట్టర్, అందరికీ అక్క. తెర మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి: 'అవతలి యూనిఫారంలో వంతెన దాటి వచ్చేవారిని కాల్చకండి.' అక్క ప్రింట్ నొక్కింది. కాగితం బోర్లా జారి పడింది. తిప్పి చూసింది.

'అవతలి యూనిఫారంలో వంతెన దాటి వచ్చేవారిని కాల్చండి.'

"అమ్మో!" అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "తెర మీద నేనూ ఆఫీసరూ చదివాం కదండీ! కాగితం ఎవరూ చదవకూడదని రూలు. బోర్లా పడింది పడినట్టే కవర్లో పెడతాం."

ఆ డ్రైవర్ ఒక్క 'క'ని మింగేసింది.

"ఈ డ్రైవర్ పీకండి, ఆ డ్రైవర్ని విప్పండి. త్వరగా!" అంది మైనా.

అక్క పెట్టెలోంచి పాత సీడీ తీసింది. కొంగ స్టోర్ రూం తలుపు తెరిచాడు. బాబాయ్ చొక్కా లేకుండా గోడకానుకుని కూర్చుని, ఒళ్ళో చెప్పులు పెట్టుకుని, చీలిన అట్టని వేళ్ళతో అదిమి పట్టుకున్నాడు. అతికించినట్టు.

ఒక మాట అనాలి. అదేమిటో కొంగకి తెలుసు. నోటికి రాలేదు.

"బాబాయ్... వంతెనకి పోవాలి. అడ్డదారి ఏదన్నా..."

"ఉంది సార్." లేచాడు. చొక్కా తొడుక్కున్నాడు. "చెప్పులు తెచ్చుకోవచ్చా?"

జీపు కాలవగట్టు పట్టి ఎగిరింది. కొంగ ఒళ్ళో కొత్త కాగితం. ఈసారి కాగితం మీదే చదివాడు, వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లాడిలా. జేబులో పెన్ను ఉంది గానీ అది రాసేది కాదు, పేలేది.

వంతెన దగ్గర పికెట్ ఆఫీసర్ అప్పటికే కవరు చించి చదివాడు. ముఖం పాలిపోయింది. ఆర్డర్ ఆర్డరే. చెయ్యి పైకెత్తాడు. వంతెన మధ్యలో అవతలి యూనిఫారాల్లో మనుషులు కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నారు.

కొంగ జీపు ఆగకముందే దూకి పరిగెత్తాడు. ఊపిరాడక ఒక్క అక్షరమే బయటికొచ్చింది. "క! క! క!"

కొంగ కాకిలా అరవడం ఆఫీసర్ ఎప్పుడూ వినలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చేతిలో కొంగ కొత్త కాగితం పెట్టాడు.

ఆఫీసర్ చదివి, "తుపాకులు దించండి," అన్నాడు.

బందీల్లో ఒక కుర్రాడు వట్టి కాళ్ళతో వచ్చాడు. బాబాయ్ ఎదురెళ్ళి, ఏమీ అనకుండా వంగి, చెప్పులు అతని కాళ్ళ ముందు పెట్టాడు. కుర్రాడు తొడుక్కుని అడుగు వేశాడు. అట్ట నోరు తెరిచింది.

"కొత్తవేనా నాన్నా?"

"కొత్తవేరా. దారిలో కాస్త తెరుచుకున్నాయి."

కొంగ ఏరు చూస్తూ నిలబడ్డాడు.

పికెట్ వంటగదిలో తండ్రీకొడుకుల్నీ కొంగనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. రొట్టెలు, ఉడికిన గుడ్లు. కుర్రాడు తలెత్తకుండా తింటున్నాడు. బాబాయ్ చెంప మీద వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. తన రొట్టెలో సగం కొడుకు పళ్ళెంలో వేశాడు. మిగతా సగం చూశాడు, కొంగ పళ్ళెం చూశాడు, దానిలో పెట్టాడు.

'క్షమించు' అన్న మాట మొదట్లో కూడా ఒక 'క' ఉంది. ఇందాక దానికోసం గొంతు చించుకున్న కొంగకి ఇప్పుడది పైకి రాలేదు. రొట్టెతో పాటు మింగేశాడు. ఈసారి తప్పు మోపడానికి ఏ డ్రైవరూ లేడు, లేదు.