గుంత దాకా రాని బంతి

బీరువా తాళం పగలలేదు. తలుపు వంగలేదు. లోపల పట్టుచీరల మడత కూడా నలగలేదు. వడ్డాణం ఒక్కటే లేదు.

గురజాల ఎస్సై గౌసియా ఆ బీరువా ముందు నిలబడటం ఇది మూడోసారి. చూసిందే చూడటం, రాసిందే రాయడం. మే నెల ఎండ. కరెంటు లేదు. ఆమెకి చిరాకు నెత్తికెక్కుతోంది.

"ఇంకా ఏం చూత్తన్నారు మేడం?" అన్నాడు ఇంటి యజమాని వెంకట్రామయ్య. "దొంగ మీ స్టేషన్లోనే ఉండాడు గదా. నాలుగు తగిలిస్తే వాడే కక్కుతాడు."

"కొట్టి ఒప్పిస్తే కోర్టులో నిలవదండీ."

"అయితే మీరెందుకు? స్టేషనెందుకు?"

ఆ మాటకి జవాబు గౌసియా దగ్గర ఉంది. యూనిఫాంలో ఉండి అనకూడని జవాబు.

వెంకట్రామయ్య కాలవ పనుల కాంట్రాక్టరు. ఊళ్ళో ఆయన మాటకి ఎదురులేదు. మంగళవారం పొద్దున నరసరావుపేట వెళ్ళాడు. సాయంత్రం ఐదున్నరకి తిరిగొచ్చి బీరువా తెరిపిస్తే భార్య పార్వతమ్మ వడ్డాణం కనపడలేదు. ఆరింటికల్లా స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చాడు. అనుమానితుడి పేరు కూడా ఆయనే చెప్పాడు. నాగూర్ వలి.

నాగూర్ వలి బస్టాండు రోడ్డులో కారు సీట్లకి కవర్లు కుట్టే మనిషి. ఆ రోజు పదకొండింటికి ఈ ఇంటికి వచ్చి, మేడ మీద కాసేపు పని చేసి వెళ్ళాడు. బయటివాళ్ళు ఇంకెవరూ రాలేదు. అంతే కేసు.

అతని షాపు సోదా చేశారు. ఇల్లు సోదా చేశారు. ఈ ఇల్లూ చేశారు. ఏమీ దొరకలేదు. అయినా పై ఆఫీసరు సీఐ పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు. "సాయంత్రానికి వాణ్ణి కోర్టులో పెట్టేయమ్మా. ఎన్నాళ్ళు నానుస్తావు?"

పార్వతమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది. యాభై దాటిన మనిషి. మాట నెమ్మది. నడుముకి తాళంచెవుల గుత్తి.

"నాగూర్‌ని కొట్టలేదు గదమ్మా?"

"లేదమ్మా."

"అన్నం పెట్టారా?"

"పెట్టాం."

మొన్నా ఇదే అడిగింది. నిన్నా ఇదే అడిగింది.

"ఇంకో కంప్లైంటు కూడా రాసుకోండి" అన్నాడు వెంకట్రామయ్య. "చీటింగ్ కేసు. మేడ మీదకి రండి, చూపిత్తా."

"ఆ మ్యాట్ సంగతేనా?"

"ఆ మ్యాట్ సంగతే."

గౌసియా మజ్జిగ గటగటా తాగేసింది. మ్యాట్ గోడు వినటం కూడా ఇది మూడోసారే.

మేడ మీద హాలు సగానికి పైగా పచ్చగా ఉంది.

పెద్ద పనులు ఇచ్చే పెద్దమనుషులంతా హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బుల్లో కలుస్తారని ఎవరో వెంకట్రామయ్య చెవిలో వేశారు. వచ్చే నెల ఆయన్ని కూడా ఒక ఆటకి పిలిచారు. ఓడిపోవటం అలవాటు లేని మనిషి. ఇంట్లోనే అచ్చం అసలుదానిలాంటి పటింగ్ గ్రీన్ కావాలన్నాడు. అంటే బంతిని మెల్లిగా దొర్లించి గుంతలో వేసే పచ్చిక.

వీడియోలు చూసి ప్లాన్ గీసింది కూతురు యశస్విని. కోసి, అతికి, పరిచింది నాగూర్ వలి. గుంత కోసం గచ్చు తవ్వొద్దని పార్వతమ్మ అడ్డుపడితే, జానెడెత్తున ప్లైవుడ్ అరుగు వేశారు. ఇల్లు కడిగిన నీళ్ళు పోవటానికి గచ్చుకి ఈశాన్యం వాటం ఉంది. బంతి ఎటు కొట్టినా ఆ మూలకే పారిపోయేది. అరుగు కింద చెక్కముక్కలు పెట్టి సమం చేశారు. వాటిని మళ్ళీ సర్దటానికి వీలుగా ఒక పలకకి స్క్రూలు వేయకుండా వదిలారు. పైన మ్యాట్ రెండు ముక్కలు. మనిషి నిలబడే వైపు ఒకటి, గుంత ఉన్న వైపు ఒకటి. మధ్యలో అతుకు.

వెంకట్రామయ్య కర్ర పట్టుకుని వంగాడు. కొట్టాడు. బంతి కదిలింది, నీరసపడింది, గుంతకి మూరెడు ఇవతల ఆగిపోయింది.

"చూశారా? మంగళవారం పొద్దున దాకా ఇదే దెబ్బకి గుంతలో పడేది. వాడొచ్చి అంచుకి బీడింగ్ చెక్క కొట్టి పోయినకాడ నుంచి ఇదే వరస. మెల్లగా కొడితే రాదు. గట్టిగా కొడితే ఇదిగో..."

గట్టిగా కొట్టాడు. బంతి గోడకి తగిలింది. మళ్ళీ కొట్టాడు. మూరెడు ఇవతల ఆగింది. ఆయన మెడ ఎర్రబడింది.

"మనసు బాగలేక అట్టా పోతందేమో బావా" అన్నాడు హనుమయ్య. పార్వతమ్మ తమ్ముడు. బావ పనుల మీద మేస్త్రీలని, మిక్సర్లని చూసుకునేది అతనే.

"నోరు ముయ్యరా!" కర్ర నేలకేసి కొట్టాడు వెంకట్రామయ్య. "నా చెయ్యి బాగానే ఉంది. మ్యాటే మోసం. నాసిరకం అంటగట్టి, వడ్డాణం కూడా కొట్టేశాడు."

గౌసియా వెంకట్రామయ్య వెనక నిలబడి చూసింది. నిలబడే వైపు ముక్క కాస్త నల్లగా కనిపించింది. కాళ్ళ మురికి కాబోలు అనుకుంది. ఇంటి బంగారం పోతే ఈ మనిషికి బంతి గోల ఏమిటో అర్థం కాక మెట్లు దిగింది.

స్టేషన్లో నాగూర్ వలి గోడవారగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"బీరువా గదిలోకి వెళ్ళావా?"

"లేదు మేడం."

"మెట్లు ఆ గది పక్కనేగా?"

"పక్కనే. లోపలికి పోలా."

"మ్యాట్ ఏం చేశావు?"

"ముట్టుకోనే లేదు. అంచుకి బీడింగ్ కొట్టి వచ్చేశా."

"మరి ఎందుకు చెడింది?"

నాగూర్ వలి తలెత్తాడు. "నన్ను దొంగంటన్నారు మేడం. మీరేమో మ్యాట్ సంగతి అడగతన్నారు. నిన్న ఇద్దరు మా షాపుకొచ్చి కార్ల తాళాలు పట్టకపోయారంట, తెలుసా? కవర్లు వేయించుకోకుండానే."

గౌసియాకి తెలుసు. ఇరవై ఏళ్ళుగా జనం అతని షాపు ముందు కారు వదిలి, తాళం గోడ మేకుకి తగిలించి, కారంపూడి బస్సెక్కి వెళ్ళిపోతారు. కారులో ఏం ఉంచారో కూడా చూసుకోరు. ఆ గోడ చూసే మిగతావాళ్ళు వస్తారు.

"రేపు మీరు వదిలేసినా, ఆ మేకులకి తాళం ఎవరు తగిలిస్తారు మేడం?"

గౌసియా గడియారం చూసింది. సాయంత్రానికి కొన్ని గంటలే ఉన్నాయి. చేతిలో ఒక్క ఆధారం లేదు. అతను దొంగ కాదని మనసు చెబుతోంది. మనసు చెప్పింది కేస్ డైరీలో రాయటానికి కుదరదు. ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

"సీఐ గారొస్తన్నారంట మేడం" అంటూ హెడ్ కానిస్టేబుల్ బెంజిమిన్ మంచి కుర్చీని ముందుకి లాగాడు. మెరూన్ వెల్వెట్ కుర్చీ. దుమ్ము పోయేలా అరచేత్తో ఒక్కసారి రాశాడు. రాసిన మేర వెల్వెట్ నల్లబడింది. ఎదురు రాశాడు. మళ్ళీ మెరిసింది.

గౌసియా ఆ కుర్చీని కళ్ళార్పకుండా చూసింది.

చిన్నప్పుడు రంజాన్‌కి అమ్మ వెల్వెట్ కుర్తా కుట్టించింది. దర్జీ ఒక చెయ్యి తలకిందులుగా కోశాడు. ఒకే గుడ్డ, కానీ ఒక చెయ్యి ఎర్రగా, ఒక చెయ్యి నల్లగా ఉండేది. గౌసియా పండగంతా ఏడ్చింది.

"సీఐ గారికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టమని చెప్పు. జీపు తియ్యి. నాగూర్‌ని కూడా ఎక్కించు."

నాలుగింటికి అందరూ మేడ మీద హాల్లో ఉన్నారు. వెంకట్రామయ్య, పార్వతమ్మ, హనుమయ్య, యశస్విని. తలుపు దగ్గర నాగూర్ వలి.

"వాణ్ణి ఇంట్లోకి ఎందుకు తెచ్చారు?" అరిచాడు వెంకట్రామయ్య.

"మీ రెండో కంప్లైంటు తీరుద్దామని. యశస్వినీ, మ్యాట్ పరిచిన రోజు వీడియో ఉందా?"

యశస్విని ఫోన్ చూపించింది. వీడియోలో మ్యాట్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే రంగు.

"ఇప్పుడు అదే చోట నిలబడి చూడండి."

అందరూ చూశారు. నిలబడే వైపు ముక్క నల్లగా, గుంత వైపు ముక్క లేతగా ఉంది.

"అది మురికి కాదు. ఈ మ్యాట్‌కి వెల్వెట్ లాగే నూగు ఉంది. నూగు గుంత వైపు వాలి ఉంటే బంతి జారిపోతుంది. మన వైపు వాలి ఉంటే ఆపేస్తుంది, రంగు కూడా నల్లగా కనపడుతుంది. మీ చెయ్యి చెడలేదండీ. మ్యాట్ నాసిరకమూ కాదు. సగం మ్యాట్ అటుది ఇటు తిరిగింది. బెంజిమిన్, ఎత్తు."

బెంజిమిన్ ముక్కలు రెండూ ఎత్తాడు. అడుగున సుద్దతో గీసిన బాణాలు. గుంత ముక్క మీద బాణం గుంత వైపు ఉంది. రెండోది వెనక్కి చూస్తోంది.

"బాణాలు గీసిందెవరు?"

"నేనే మేడం" అన్నాడు నాగూర్ వలి. "నూగు వాలు తప్పకుండా."

"అంటే వాడే ఎత్తాడు!" అన్నాడు వెంకట్రామయ్య.

"గీసుకున్న మనిషి బాణం చూసే పరుస్తాడు. ఎత్తింది బాణం సంగతి తెలియని మనిషి. ఎందుకు ఎత్తినట్టు?"

ఆమె వంగి, స్క్రూలు లేని పలక లేపింది. చెక్కముక్కల మధ్య పాత దిండు గలీబు చుట్ట ఉంది. విప్పింది. వడ్డాణం.

ముందు తేరుకుంది వెంకట్రామయ్యే. "వాడే దాచాడు! తరవాత పట్టకపోదామని!"

"బయటివాడు తీస్తే బయటికి పట్టుకుపోతాడు. మీ కాళ్ళ కింద దాచి, మళ్ళీ మీ గుమ్మం ఎక్కాలని ఎందుకు చూస్తాడు? దాచింది ఈ ఇంటి మనిషి. మీరు నరసరావుపేటలో ఉన్నారు. హనుమయ్య రోజంతా నకరికల్లులో మిక్సర్ దగ్గర ఉన్నాడు, కూలీలంతా చెప్పారు. యశస్విని రోజూ ఈ మ్యాట్‌ని ఒకే వైపుకి బ్రష్ చేస్తుంది. నూగు ఎటుందో ఆమెకి తెలుసు, తప్పు పరవదు."

వడ్డాణం గలీబు మీద పెట్టింది.

"బీరువా తాళం పగలలేదు. దాని చెవి ఎవరి నడుముకి ఉంటుంది? మూడు రోజులూ వడ్డాణం దొరికిందా అని ఆ అమ్మ నన్ను ఒక్కసారి అడగలేదు. నాగూర్‌ని కొట్టారా అని మాత్రం మూడుసార్లూ అడిగింది. నాకు అప్పుడే తట్టాల్సింది."

పార్వతమ్మ వచ్చి వడ్డాణం పక్కన కూర్చుంది.

"నేనేనమ్మా. ఆ గోల్ఫ్ క్లబ్బులో చేరటానికి ఈయన దీన్ని అమ్ముతానన్నాడు. మొదటి కాంట్రాక్టుకి గాజులిచ్చా. రెండోదానికి హారం ఇచ్చా. అడక్కముందే ఇచ్చా. ఇది మా అమ్మ తన నడుం మీద నుంచి తీసి నాకు పెట్టింది. ఇయ్యబుద్ధి కాలా. ఆయన ముందర కాదనటం నాకు చేతకాదు. రెండ్రోజులు వెతికి, తిట్టి ఊరుకుంటాడనుకున్నా. నాగూర్ పేరు చెప్తాడనుకోలా."

"చెప్పాక?" గౌసియా గొంతు పెరిగింది. "మూడు రోజులు మజ్జిగిచ్చారు నాకు. ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"భయమేసింది తల్లీ. రోజు గడిచేకొద్దీ ఇంకా భయమేసింది."

గౌసియాకి ఆమె మీద కోపం వచ్చింది. జాలీ వేసింది. రెండూ ఒకేసారి వచ్చాయి.

వెంకట్రామయ్య భార్యని చూడలేదు. నాగూర్ వలినీ చూడలేదు. చేతిలో కర్రనే చూస్తూ అన్నాడు. "సరే. ఇంటి గొడవ. దొరికింది గదా, కేసు కొట్టేయండి."

"వడ్డాణం దొరికింది. ఈయన పేరు యాడ దొరుకుద్ది?" అంది గౌసియా, నాగూర్ వలిని చూపిస్తూ.

ఆయన కర్ర గోడకి ఆనించాడు.

నాగూర్ వలి వంగి పలక మూసి, మ్యాట్ ముక్కలు అందుకున్నాడు. రెండు బాణాలూ గుంత వైపు పెట్టి పరిచాడు, అతుకు అదిమాడు. లేచి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గౌసియా స్కూటీ మీద స్టేషన్‌కి బయల్దేరింది. నాగూర్ వలి షాపు ముందు వెంకట్రామయ్య కారు ఆగి ఉంది. హనుమయ్య తాళం పట్టుకుని నిలబడ్డాడు.

"బావ పంపాడు అన్నా. కొత్త కవర్లు వేయమన్నాడు. ఎంతైనా పర్లేదన్నాడు."

"వేస్తా. తాళం మాత్రం నాకొద్దు హనుమయ్యా. పనయ్యేదాకా నువ్వు కార్లోనే కూర్చో."

"ఇంత ఎండలోనా?"

"కూర్చో. రేపు కార్లో ఏదన్నా కనపడకపోతే నేను మళ్ళీ స్టేషన్‌కి పోలేను."

హనుమయ్య కూర్చున్నాడు. షాపు గోడకి మేకులు వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ తాళం లేదు.

గౌసియా స్కూటీ పక్కకి తీసి ఆపింది. లోపలికి వెళ్ళి స్కూటీ తాళం ఒక మేకుకి తగిలించింది.

"సీటు కవర్ మార్చండి చాచా."

నాగూర్ వలి బయటికొచ్చి సీటు చేత్తో తడిమాడు. "ఇది బాగానే ఉంది గదమ్మా. యాడా చిరగలా."

"చిరిగేలోపే వెయ్యండి. సాయంత్రం వస్తా."

అతను ఆ తాళం వైపు చూశాడు. తియ్యలేదు.

గౌసియా ఎండలో నడుచుకుంటూ స్టేషన్ వైపు వెళ్ళింది. సగం దూరం వచ్చాక పర్సు స్కూటీ డిక్కీలోనే ఉండిపోయిందని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళలేదు.