వీపు మీద ‘ఆగం’

కోదాడ బస్టాండు వెనక వీధిలో టీషర్టుల మీద పేర్లు అచ్చేసే షాపు ఒకటుంది. శుక్రవారం సాయంత్రం ఆ షాపులో కృప ఒక టీషర్టును రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడింది. ముందు వైపు బాగానే ఉంది. పసుపు రంగు మీద నల్లటి అక్షరాల్లో ‘సూర్యాపేట లేడీస్ రైడర్స్’ అని ముచ్చటగా ఉంది. వెనక్కి తిప్పింది. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా, ఎన్నికల పోస్టరు సైజులో, ఒకటే మాట.

ఆగం.

సూర్యాపేటలో పుట్టిన వాళ్లకు ఈ మాట గురించి చెప్పక్కర్లేదు. కోదాడ దాటి తూర్పున ఉండే వాళ్ల కోసం చెప్పాలి. పని చెడిపోతే ఆగమైందంటారు. ఇల్లు చిందరవందరైతే ఆగమాగమైందంటారు. ఎవరైనా బతుకు చెడి దిక్కుతోచక తిరుగుతుంటే, పాపం ఆగమైండు అంటారు. అలాంటి మాటను వీపు మీద వేసుకుని ముగ్గురు ఆడపిల్లలు తెల్లారితే రోడ్డెక్కాలి.

“అన్నా, ఇదేంది?” అని అడిగింది కృప.

“స్లోగనండీ. మీరే చెప్పారుగా,” అన్నాడు షాపతను. పేరు స్టీఫెన్. జగ్గయ్యపేట నుంచి వచ్చి ఇక్కడ షాపు పెట్టి ఇంకా ఏడాది కాలేదు. మొహం చూస్తే మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంది. “ఆగం అంటే మేం ఆగము అని. భలే ఉందండీ.”

తను అలా ఎప్పుడు చెప్పానని కృప నిలదీసింది. అతను ఫోన్ తీసి ఆమె పంపిన వాయిస్ మెసేజే వినిపించాడు. ముందట పేరు పెద్దగ రాయన్నా, ఎనక ఆగం, అన్నదాకా కృప గొంతు గంటకొట్టినట్టుంది. ఆ తర్వాత లారీ హారన్. సూర్యాపేట హైవే పక్కన నిలబడి మాట్లాడితే అంతే మరి. ‘చెయ్యకు, ఖాళీగ వదిలెయ్’ అన్న ముక్క ఆ హారన్ కింద పడి నలిగిపోయింది.

కృప టీచరు. ఏడో తరగతికి లెక్కలు చెబుతుంది. తిట్టడం మొదలుపెడితే మొదలూ చివరా ఉండేలా తిడుతుంది. స్టీఫెన్ చేతులు కట్టుకుని అంతా విన్నాడు. మళ్లీ అచ్చేస్తానన్నాడు గానీ అంత టైము లేదు. ఆమె సంచీ సర్దుకుంటుంటే మాత్రం, మీరు నిజంగానే సైకిళ్ల మీద గుట్టలెక్కుతారా అని అడిగాడు. కోపంలోనే ఉన్నా కృప చెప్పింది. ఏ గుట్ట, ఏ బాట, ఎక్కడ దిగితే బ్రేకులు పట్టవో అన్నీ చెప్పింది. అతను నోరు తెరుచుకుని విన్నాడు.

ఇంట్లో ఒప్పుకుంటారా అని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న అడగని మగాడు తనకు తగలడం ఇదే మొదలని బస్సెక్కాక గానీ ఆమెకు తట్టలేదు.

ఇక ఆ ముగ్గురి సంగతి. మంగ్లీ సూర్యాపేట దవాఖానలో నర్సు. ఆమెది లావు టైర్ల మౌంటెన్ బైకు. రాళ్లు కనిపిస్తే చాలు, ఆమెకు పండగే. రూప మిర్యాలగూడలో రైస్ మిల్లు వాళ్ల అమ్మాయి. ఆమెది సన్న టైర్ల రోడ్ బైకు, తారురోడ్డు మీద గాలే గాలి. కృపది అటూ ఇటూ కాని గేర్ల సైకిల్. డిగ్రీలో ఒకే హాస్టల్ గదిలో ఉన్నప్పటి నుంచి వీళ్లది ఒక జట్టు. ప్రతి రెండో శనివారం కలుస్తారు. ఆ ఒక్కరోజు ఏ చుట్టం చచ్చినా, ఏ చుట్టానికి పుట్టినా వీళ్లు దొరకరు.

మర్నాడు పొద్దున ముగ్గురూ ఉండ్రుగొండ గుట్టకు బయల్దేరారు. రాళ్ల బాటలో మంగ్లీ పెడళ్ల మీద లేచి నిలబడి, కేకేసుకుంటూ దిగింది. రూప తన ఖరీదైన సైకిల్‌ను చంటిపిల్లలా భుజాన వేసుకుని నడిచింది. కృప మధ్యలో బ్రేకులు నొక్కుతూ, దేవుణ్ణి తలచుకుంటూ, కింద పడకుండా దిగి, దిగినందుకు పడిపడి నవ్వింది. చెట్టు కింద కూర్చుని జొన్నరొట్టెలు, పండుమిరప పచ్చడి తిన్నారు. మంగ్లీకి ముక్కు కారింది. రూప ఫొటో తీసి పెట్టుకుంది, పెళ్లిలో చూపిస్తానని బెదిరించడానికి.

తిరుగుదారిలో మిరపచేలో పనిచేస్తున్న ఒక ముసలామె వీళ్ల వీపులు చదివింది. చదువు వచ్చినందుకు ఆమెకే బాధ కలిగినట్టుంది. గట్టు మీదికి వచ్చి, “ఏంది బిడ్డా, మిమ్ముల ఎవరు ఆగం చేసిండ్రు?” అని నిజంగానే పరామర్శించింది.

“కోదాడల ఒకడున్నడవ్వా,” అంది మంగ్లీ.

అంతే. ఆ రోజు నుంచి స్టీఫెన్‌కు జట్టులో అదే పేరు. కృప ఫోన్ మోగితే చాలు, ఎవరే, కోదాడల ఒకడేనా అని ఇద్దరూ రాగం తీసేవాళ్లు. నిజానికి అతనే చేసేవాడు. మొదట క్షమాపణకు, తర్వాత వాళ్ల జట్టు టోపీల కొలతలకు, ఆ తర్వాత కొలతలు లేని కబుర్లకు. కృప అతన్ని అన్నా అనడం ఎప్పుడో మానేసిందని ముందు పట్టుకున్నది రూప. మరేమని పిలుస్తున్నవే అని అడిగితే కృప మాట దాటేసింది. ఆమె అసలేమీ పిలవకుండానే నడిపిస్తోంది.

జట్టు పేరు అచ్చేసిన వానకోట్లు ఇచ్చే నెపంతో అతను ఒకసారి మిర్యాలగూడ దాకా వచ్చాడు. తమ రైడ్‌కు మగవాళ్లను రానిచ్చేది లేదని మంగ్లీ ముందే గీత గీసింది. నాకసలు సైకిల్ తొక్కడమే రాదండీ అన్నాడతను.  రూప తన మిల్లులోంచి ఒక పాత సైకిల్ తెప్పిస్తే, ముగ్గురూ కలిసి సాగర్ కాలువ గట్టు మీద అతన్ని ఎక్కించారు. సాయంత్రానికి ఎక్కడం వచ్చింది, తొక్కడం వచ్చింది. ఆపి దిగడం మాత్రం రాలేదు. బ్రేకు పట్టమంటే గంట కొట్టేవాడు. మంగ్లీ వెనక పరుగెత్తి క్యారియర్ పట్టుకుంటే గానీ నేల మీదికి వచ్చేవాడు కాదు. ఆ రోజు నవ్వినంత నవ్వు కృప ఆ సంవత్సరంలో నవ్వలేదు. అతనంటే తనకు ఇష్టమని అప్పుడే తెలిసింది. తెలిసి భయపడింది కూడా.

భయానికి కారణం హుజూర్‌నగర్ సంబంధం. అబ్బాయిది బ్యాంకు ఉద్యోగం, మంచి కుటుంబం, ఒకే చర్చి సంఘం. కృప నాన్న అబ్రహాం మండలాఫీసులో గుమాస్తా. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వాళ్లకు పిల్ల నచ్చిందనీ, పెళ్లయ్యాక ఈ సైకిల్ తిరుగుళ్లు మాత్రం మానాలంటున్నారనీ, ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పమనీ అన్నాడు. తన అభిప్రాయం ఏమిటో చెప్పలేదు.

నెలంతా కృప ఎవరికో కూతురు, ఎవరికో టీచరు. ఆ రెండో శనివారం, ఆ ఇద్దరి పక్కన, గాలి మొహానికి కొడుతుంటే ఆమె ఉత్త కృప. అది వదులుకోవడం ఆమె వల్ల కాదు. అట్లాగని నాన్న మాట తీసేయడమూ చేతకాలేదు. ఇదంతా ఒక్కరికి చెప్పుకోవాలనిపించింది.

‘సంబంధం వచ్చింది. పెండ్లయితే సైకిల్ ఆపాలంటున్నరు. నువ్వేమంటవ్?’ అని స్టీఫెన్‌కు మెసేజ్ పెట్టింది.

జవాబు వెంటనే వచ్చింది. ‘ఆపెయ్యండి.’

ఇంకేమైనా రాస్తాడేమోనని చూసింది. రాయలేదు. ఇతనూ అంతేనన్నమాట. గుట్టల ముచ్చట్లు నోరు తెరుచుకుని విన్నదంతా ఉత్తదేనన్నమాట. నంబర్ బ్లాక్ చేసి, ఏడ్చి, మొహం కడుక్కుని ఏడో తరగతి పేపర్లు దిద్దింది. పాపం, ఆ పిల్లలకు ఆ రోజు మార్కులు బాగా తగ్గాయి. రూప ఫోన్ చేసి అతని మాట ఎత్తబోతే, సైకిల్ ఆపెయ్యమన్నోని పేరు తియ్యకు అని కట్ చేసింది.

రెండో శనివారం వచ్చింది. ఇదే ఆఖరిదేమో అనుకుంటూ కృప మంగ్లీతో కలిసి మిర్యాలగూడ వెళ్లింది. కాలువ గట్టు మీద సన్నగా తుప్పర పడుతోంది. రూప ఎదురొస్తానంది గానీ జాడ లేదు. బదులుగా దూరం నుంచి ఆగకుండా గంట మోగించుకుంటూ ఒక పాత సైకిల్ వచ్చింది. దాని మీద స్టీఫెన్, వెనక చాలా దూరంలో నవ్వాపుకుంటూ రూప.

“పక్కకు జరగండి కృపగారూ, నాకు ఆపడం రాదు,” అంటూ అతను వాళ్ల మధ్యలోంచి దూసుకుపోయాడు.

కృప కదల్లేదు. మంగ్లీ ఆమె వైపు చూసి, “పో. కాలువల పడితే కట్టు కట్టాల్సింది నేనే,” అంది.

కృప సైకిల్ తిప్పింది. అతన్ని అందుకోవడం ఎంతసేపు. పక్కపక్కనే తొక్కుతుంటే, అతను హ్యాండిల్ మీంచి చూపు తీయకుండానే మాట్లాడాడు.

“నేను ఆపమంది సైకిల్ కాదండీ. పెళ్లి.”

“ఏ పెండ్లి?”

“ఆ హుజూర్‌నగర్ పెళ్లి. సైకిల్ ఆపమనే వాళ్ల పెళ్లి ఆపెయ్యమన్నాను. మీరు సైకిల్ ఆపడమనేది నా బుర్రకే రాలేదండీ. రూపగారు అడిగితే గానీ మీరు ఎలా అనుకున్నారో తెలియలేదు.”

కృప గుండెలో ఇన్నాళ్ల బరువు ఒక్కసారిగా జారింది. దాంతో కోపం రెట్టింపైంది. ఇంకో మాట రాయనికి వేళ్లు నొచ్చినయా అని గద్దించింది.

“భయమేసిందండీ. ఇంకో మాట రాస్తే, నన్ను చేసుకోండి అని రాసేవాణ్ణి.”

అది చెప్పడానికి అతను హ్యాండిల్ మీంచి చూపు తీసి ఆమె వైపు తిరిగాడు. గట్టు మాత్రం అటు తిరగలేదు. సైకిల్ తిన్నగా వరిమడిలోకి దిగింది. నయం, కాలువ ఇటు వైపు లేదు.

కృప సైకిల్ వదిలేసి పరుగెత్తి అతన్ని లేపింది. నడుం దాకా బురద, గడ్డం మీద వరినారు, దెబ్బలు మాత్రం లేవు. నవ్వుతూనే గట్టు మీద కూర్చుని, ధైర్యం చల్లారకముందే నాన్నకు ఫోన్ చేసింది. హుజూర్‌నగర్ వాళ్లకు వద్దని చెప్పమంది. తనకు నచ్చిన వాడు ఒకడున్నాడని చెప్పింది. అబ్రహాం పేరడిగాడు, ఊరడిగాడు, పనేమిటని అడిగాడు. తర్వాత ఇంకొకటి అడిగాడు.

“సైకిల్ ఆపమన్నడా?”

“లేదు నాన్నా.”

“వాళ్ల మాట నీకు చెప్పకుంటే తప్పయితదని చెప్పిన బిడ్డా. చెప్పిన కాడినుంచి నాకు అన్నం దిగుతలేదు,” అన్నాడు అబ్రహాం. “నువ్వు యాడ సరేనంటవోనని భయపడ్డ.”

 ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పిల్లవాణ్ణి ఇంటికి రమ్మనమని చెప్పి ఆయనే ఫోన్ పెట్టేశాడు. మంగ్లీ, రూప వచ్చి చెరో పక్కన కూర్చున్నారు. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే వాన నీళ్లే అనుకున్నట్టు నటించారు.

స్టీఫెన్ బురదలోనే నిలబడి ఉన్నాడు. “ఏమన్నారండీ?” అన్నాడు, వినపడీ వినపడనట్టు.

“ఆదివారం రమ్మన్నడు,” అంది కృప. “బస్సుల రా.”