పదకొండో వరుసలో ఎర్ర గడి

...అయినా అది పాటెలా అవుతుంది? ఆలియా వేళ్లేమైనా నొప్పెట్టాయా? మాస్టారి చేత చీవాట్లు తిందా? మౌస్ నొక్కితే వచ్చేది పాటేనా?

వయొలిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని సాయిప్రియ ఇలాగే అనుకుంటోంది. రెండేళ్లుగా స్కూలు వార్షికోత్సవం తన వయొలిన్‌తోనే మొదలయ్యేది. ఈసారి ఆలియా కంప్యూటర్‌లో కట్టిన పాటతో మొదలుపెడతామన్నారు కనకరత్నం మేడమ్.

ల్యాబ్‌కి కొత్తగా వచ్చిన కంప్యూటర్ అది. తెర నిండా గళ్లు. గడిలో ఏ రంగు నింపితే ఆ రంగు స్వరం పలుకుతుంది. తాళం అదే అల్లుకుంటుంది.

ఏలూరులో ఆలియా వాళ్ల నానమ్మ తివాచీలు నేస్తుంది. ఆవిడ నమూనా కాగితం మీదా గళ్లే, గడికో ముడి. ఆ రంగులన్నీ ఆలియా వరసగా కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఎవరూ ఎప్పుడూ వినని పాట పుట్టింది.

పాట బాగుంది. సాయిప్రియ బాధ అదే. బాగోకపోతే హాయిగా మెచ్చుకునేది.

అందుకే నిన్న అన్నాల బెల్లులో, ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు, పదకొండో వరుసలో ఒక ఎర్ర గడిని నీలంగా మార్చింది. ఒక్కటంటే ఒక్క గడి.

ఇవాళ అందరిముందూ పాట అక్కడే తడబడింది.

"కంప్యూటర్‌కి ఎక్కిళ్లొచ్చాయిరోయ్! మంచినీళ్లియ్యండి!" అన్నాడు ఫహీమ్. క్లాసంతా నవ్వింది.

సాయిప్రియకి మాత్రం నవ్వు రాలేదు. కొల్లేటి చేప ముల్లేదో గొంతులో దిగినట్టుంది.

"నేనే తప్పు ఎక్కించి ఉంటానండీ. మొత్తం చూసి దిద్దుతానండీ," అంది ఆలియా తలొంచుకుని.

"ఎనిమిది వందల గళ్లమ్మా! సాయంత్రమే రిహార్సల్. అప్పటికి కాకపోతే సాయిప్రియ వయొలిన్‌తోనే మొదలుపెడదాం," అన్నారు మేడమ్.

కోరుకున్నదే జరుగుతోంది. మరి ఈ ముల్లేమిటి?

అందరూ వెళ్లిపోయాక ఆలియా నమూనా కాగితం విప్పి, మొదటి గడి మీద వేలు పెట్టింది.

"అన్నీ ఎందుకే? తడబడిన చోటే చూసుకోవచ్చుగా," అంది సాయిప్రియ.

"మా నానమ్మ ఒప్పుకోదే. ఒక్క ముడి తప్పినా వరుసంతా విప్పిస్తుంది. ఒకచోట తప్పిన దాన్ని, ఇంకెన్నిచోట్ల తప్పానో! నువ్వు రంగులు చదువుతావా? మగ్గం దగ్గరా అంతే, ఒకళ్లు చదవాలి, ఒకళ్లు ముడెయ్యాలి."

కాగితం సాయిప్రియ చేతికొచ్చింది. "ఎరుపు... ఎరుపు... నీలం..."

ఆలియా తెర మీది గళ్లే చూస్తోంది, కాగితం వైపు చూడనే లేదు. సాయిప్రియ ఏ రంగంటే ఆ రంగే నమ్ముతోంది. పదకొండో వరుసలో 'నీలం' అంటే చాలు, తప్పు ఇక ఎప్పటికీ దొరకదు. 'ఎరుపు' అన్నా చాలు, తప్పు దొరుకుతుంది, తను మాత్రం దొరకదు.

మూడో వరుసలో సాయిప్రియ చదవడం ఆపేసింది.

"చదవవే, టైము లేదు," అంది ఆలియా.

సాయిప్రియ కాగితం మడిచింది. మౌస్ అందుకుని, వెతక్కుండా, నేరుగా పదకొండో వరుసలోని ఆ గడి దగ్గరికి వెళ్లింది.

"కాగితం చూడకుండా నీకెలా తెలుసే?"

"నిన్న నేనే మార్చాను," అంటూ సాయిప్రియ ఆ గడిలో ఎరుపు నింపింది.