చిటపట చెరిపేసిన మాట

ఈల మోగింది. రెండడుగులు పడ్డాయో లేదో, చిటపట, జాజి ఇద్దరూ ఒకరిమీద ఒకరు బోర్లా పడ్డారు.

మూడుకాళ్ల పరుగు ప్రాక్టీసు అది. చిటపట ఎడమకాలు, జాజి కుడికాలు కలిపి రిబ్బనుతో కట్టారు. పోయినేడు చివరి అడుగులో ఓడిపోయారు. ఈసారి ఎలాగైనా గెలవాలని ఇద్దరికీ ఒకటే పట్టుదల. కట్టిన కాలు ముందు వెయ్యాలని ముందే అనుకున్నారు కూడా.

కానీ ఈల వినగానే ఆత్రంలో చిటపట విడికాలు ముందు వేసేసింది. పడ్డ క్షణంలోనే ఆ సంగతి తనకు తెలిసింది. అప్పటికే మోకాలు చెక్కుకుపోయి భగ్గున మండుతోంది. క్లాసంతా నవ్వుతోంది.

“కొంగకాళ్లు వేసుకుని పరుగుకి ఎందుకొచ్చావే? నీవల్లే పడ్డాం!” అని జాజిమీద అరిచింది.

నవ్వు రెట్టింపైంది. జాజి క్లాసులో అందరికన్నా పొడుగు. సన్నజాజిలా సన్నగా ఉంటుందని వాళ్ల నాయనమ్మ పెట్టిన ‘జాజి’ అన్న ముద్దుపేరే బడిలోనూ స్థిరపడింది. చిటపట పేరు మాత్రం క్లాసు పెట్టిందే. కోపమొస్తే వేడినూనెలో ఆవాలలాగా ఎగిరెగిరి పడుతుందని.

జాజి వంగి ముడి విప్పింది. రిబ్బను నేలమీద పడేసి వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే చిటపట బ్యాగు విసిరికొట్టింది.

“ఆ బ్యాగేం పాపం చేసిందే?” అంటూ అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. మోకాలు చూసి కంగారుపడింది. “అయ్యయ్యో, ఎక్కడ పడ్డావే? కాలు మడువు, చూస్తాను. ఎముకేం కాలేదు కదా?”

“ఏం కాలేదమ్మా! వదిలెయ్!”

తమ్ముడు మంచం కింద బంతి వెతుకుతున్నవాడల్లా తల బయటపెట్టాడు. “అక్కా, కొంగ నిన్ను పడేసిందటగా? బడి వదిలాక గేటు దగ్గర అందరూ ‘కొంగా, కొంగా’ అని ఒకటే అరుపులు. జాజక్క ఏడ్చింది తెలుసా?”

జాజి ఏడవడం చిటపట ఎప్పుడూ చూడలేదు.

అమ్మ ఫోన్ పట్టుకుని చిటపట తలుపు చాటుకు వెళ్లింది. జాజి వాళ్ల నాన్న ఫోన్‌కి మెసేజ్ పెట్టింది.

‘జాజీ, సారీ. తప్పు కాలు వేసింది నేనే. నిన్ను కొంగ అన్నందుకు నా నోరు పడిపోవాలి.’

జవాబు కోసం చూసింది. రాలేదు. అన్నం తిని వచ్చి మళ్లీ చూసింది. జాజి ఇంకా చదవనే లేదు.

కోపం మళ్లీ రాజుకుంది. ‘ఎంత పొగరు! నేను దిగివస్తే చూడనైనా చూడదా? రేపు ఇది అందరికీ చూపించి నవ్వుతుందేమో! అసలు నేనెందుకు తగ్గాలి?’

మెసేజ్‌ను వేలితో నొక్కిపట్టింది. ‘అందరికీ తొలగించు’ అని కనబడితే దాన్నీ నొక్కింది.

సారీ మాయమైంది. దాని చోట ఒక ముక్క మిగిలింది. ‘ఈ మెసేజ్ తొలగించబడింది.’

“పీడా పోయింది!” అనుకుని చిటపట ముసుగుతన్ని పడుకుంది.

తెల్లారి అమ్మ కేకకు మెలకువ వచ్చింది.

“ఇటు రావే ముందు! నా ఫోన్లోంచి ఎవర్ని తిట్టావు?”

ఫోన్‌లో జాజి మెసేజ్ ఉంది. ‘ఏం రాసి తీసేశావ్? ధైర్యముంటే మళ్లీ పెట్టు.’

“తిట్టలేదమ్మా. మంచిమాటే రాశాను.”

“మంచిమాటైతే ఎందుకు చెరిపావే?”

చిటపట ఫోన్ అందుకోబోయింది. అమ్మ ఇవ్వలేదు.

“నా ఫోన్‌నుంచి వెళ్తే నేనన్నట్టే కదే! రోజూ వాళ్లమ్మ ఎదురుపడుతుంది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?” అంది అమ్మ.

బడిలో క్లాసు గుమ్మం దగ్గరే జాజి అడ్డంగా నిలబడింది.

“ఏం రాశావ్?”

“ఏదో రాశాలే. తీసేశాగా!”

“నాకు పెట్టి, నన్నడిగే తీసేశావా? కొంగ చాల్లేదా నీకు? ఇంకేం రాశావ్? ఒంటె అనా? నిచ్చెన అనా? పడుకున్నా అదే ఆలోచన నాకు!”

“నేను తిట్టలేదే బాబూ!”

“తిట్టకపోతే చెప్పు మరి!”

చుట్టూ అందరూ మూగారు. మైకుగాడు ముందుకొచ్చాడు. వాడు గుసగుసలాడినా వీధి చివరికి వినబడుతుంది. “జిరాఫీ అనే రాసుంటుంది!” అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

అంతమందిలో సారీ అని ఎలా చెప్పడం? “పో, చెప్పను!” అంది చిటపట.

జాజి నేరుగా ఆటల సార్ దగ్గరికి వెళ్లింది. “దీంతో నేను పరిగెత్తను సార్.”

“సాయంత్రం ప్రాక్టీసుకు ఇద్దరూ కలిసి వస్తే సరి. లేకపోతే మీ చోటు ఇంకో జతకి ఇచ్చేస్తాను,” అన్నారు సార్.

ఆ రోజు ఏ పాఠమూ చిటపట చెవికెక్కలేదు. ‘మంచిమాటైతే ఎందుకు చెరిపావే?’ అన్న అమ్మ మాటే తిరిగింది.

సాయంత్రం గ్రౌండులో జాజి దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. చిటపట రిబ్బను పట్టుకుని వెళ్లింది. నిన్న నవ్వినవాళ్లంతా అక్కడే ఉన్నారు.

“నిన్న తప్పు కాలు వేసింది నేను,” అంది చిటపట.

“ఏంటీ? వినబడలేదు!” అని అరిచాడు మైకుగాడు.

చిటపట చెవులు ఎర్రబడ్డాయి. వాడి మీదకు ఎగరబోయింది. ఆగింది. వాడికే కాదు, గేటు దాకా వినబడేలా అంది.

“తప్పు కాలు వేసింది నేను! పడేసింది నేను! కొంగ అన్నదీ నేనే! సారీ జాజీ! ఇంకెవరైనా తనని ఆ మాటంటే నాతో పెట్టుకున్నట్టే!”

మైకుగాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

జాజి అనుమానంగా చూసింది. “ఇదేనా రాసింది?”

“ఇదే. ‘నా నోరు పడిపోవాలి’ అని కూడా రాశాను.”

“మరెందుకు తీసేశావే, మొద్దూ!” జాజికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “అది చదివుంటే హాయిగా నిద్రపోయేదాన్ని కదే!”

రిబ్బను లాక్కుని, రెండు కాళ్లూ కలిపి గట్టిగా ముడేసింది.

“అబ్బా! నొప్పే!”

“ఉండనీ. నాకింకా కోపం పోలేదు.”

“పోకపోతే మానె. కోపంగానే పరిగెత్తు.”

సార్ ఈల వేశారు. చిటపట కాలు ఉరకబోయింది. బిగపట్టి ఆపింది. జాజి కాలు కదిలే వరకూ చూసి, దాంతోపాటే కట్టిన కాలు ముందు వేసింది.