తీపి పోని జీలుగు కల్లు

“అయ్యా, మా లక్మాను ఠాణాకు పట్కపోయిన్రు. ఉరేస్తరంట!”

జగదల్‌పూర్‌లో డిటెక్టివ్ శ్రీరంగం ఆఫీసు గుమ్మంలో లక్మే చేతులు జోడించి నిలబడింది. మొన్న తెల్లవారుజామున బట్టల వర్తకుడు బాబూరావును ఆయన పెరట్లోనే ఎవరో తల పగలగొట్టి చంపారు. శవాన్ని మొదట చూసింది లక్మే భర్త లక్మా. ఆ పెరట్లోని జీలుగు చెట్టుకు కల్లు గీసేది అతనే. చూసినవాడే చంపాడని పోలీసులు తేల్చేశారు.

శ్రీరంగం ఒకప్పుడు బచేలి గనుల్లో సెక్యూరిటీ ఆఫీసరు. అసిస్టెంటు రాధకు ఆయన మాట వేదం. ఆయన కునుకు తీస్తున్నా ఆలోచిస్తున్నారనే నమ్ముతుంది.

ఠాణాలో లక్మా ఒకటే మాట చెప్పాడు. “నేనెక్కేసరికే చెట్టు మీద కుండ ఖాళీ, దొరా. ఎవలో ఒంపుకపోయిన్రు. చెప్తే నవ్విన్రు.”

“కల్లు ఎంతసేపు తియ్యగా ఉంటుంది?” అడిగాడు శ్రీరంగం.

“పొద్దుగాల దించింది మధ్యాహ్నం దాంక ఆగుతది. రాత్రి దించిందైతే తెల్లారేసరికే పుల్లగైతది.”

మరునాడు బాబూరావు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాడు శ్రీరంగం. ఠాణేదార్ కూడా వచ్చాడు.

“నన్నెందుకు అడుగుతున్నరు?” కొడుకు నవీన్ విసుక్కున్నాడు. “ముందురోజు రాత్రే బస్సెక్కిన. ఇగో టికెట్. మధ్యాహ్నం హైదరాబాద్‌ల చెల్లె ఇంట్ల తిన్న. రాత్రంత బస్సుల ఉన్నోడు ఇక్కడెట్ల చంపుతడు?”

“నిజమే సార్,” అంది చెల్లెలు కమలాకుమారి. “ఎప్పటిలెక్కనే నాకు ఫ్లాస్కుల కల్లు గూడ తెచ్చిండు.”

“ఎలా ఉందమ్మా?”

తండ్రి పోయిన ఇంట్లో ఇదేం ప్రశ్న! గురువుగారి విషయంలో రాధ సిగ్గుపడడం ఇదే మొదటిసారి.

“మస్తు తియ్యగుంది. ఎప్పుడూ బస్సుల పులిసిపోయి వస్తది. ఈసారి మాత్రం మన పెరట్ల తాగినట్టే ఉందని అన్నయ్యతోని అన్న గూడ.”

నవీన్ గతుక్కుమన్నాడు.

“రోడ్డున రాత్రంతా పట్టే దూరం విమానానికి గంటా, గంటన్నర,” అన్నాడు శ్రీరంగం. “బస్సు టికెట్ కొన్నాడు గానీ బస్సెక్కలేదు. తెల్లవారుజామున తండ్రిని చంపి, లక్మా రాకముందే చెట్టెక్కి కుండ ఒంపుకుని, విమానంలో వెళ్లాడు. మామూలు ప్రయాణంలా కనబడాలంటే చెల్లెలికి కల్లు పట్టుకెళ్లాలి. రాత్రి బస్సులో వెళ్లినవాడి ఫ్లాస్కులో తీపి ఎక్కడిది? ఠాణేదార్ గారూ, ఆ రోజు విమానం ఎక్కినవాళ్లలో ఇతని పేరు ఉందేమో ఒక్క ఫోన్ చేసి అడగండి.”

ఠాణేదార్ ఫోన్ తీసేలోపే నవీన్ కుర్చీలో కూలబడ్డాడు. “దుకాణం చెల్లెకు రాస్తనన్నడు నాన్న. అందుకే ఇనుప రాడ్డు ఎత్తిన,” అన్నాడు.

అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని పెద్దలు ఊరికే అనలేదు. కమల అన్న ముఖంలోకి చూసింది.

“నేను తియ్యగుందని అనకపోతే?” అంది శ్రీరంగం వైపు తిరిగి.

“ఏ పాపమూ ఎరగని లక్మా ఉరికంబం ఎక్కేవాడమ్మా.”

సాయంత్రం లక్మా ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున్నే చెట్టెక్కి కుండ దించి, ఎప్పట్లాగే దొప్పలో పోసి కమల ముందు పెట్టాడు. ఆమె దాన్ని పెదవుల దాకా తెచ్చి, తాగలేక, తండ్రి పడిపోయిన చోట ఒంపేసింది.