బర్ఫ్ కమ్రాల కృష్ణయ్య కర్ర

పురానాపూల్ దాటి, మూసీ పొంటి ధూల్‌పేట దిక్కు పోయే గల్లీల ఒక పాత ఐసు కార్ఖానా ఉండె. దాని ఎనక కమ్రా పేరెత్తితె చాలు, వినాయకుని బొమ్మలు జేసే ముసలోళ్లు గూడ మాట మార్చేటోళ్లు. పొద్దుగూకినంక ఆ గోడ పొంటి ఎవ్వలు నడిచేటోళ్లు గాదు. రాత్రి లోపట్నుంచి చప్పుడొస్తదని... టక్... టక్... రెండేసార్లు. మల్ల ఏం ఉండదు.

నమ్ముతె నమ్ముండ్రి, లేకుంటె లే. నేనిన్నది జెప్తున్న.

గది ఒకప్పుడు బర్ఫ్, అంటె మంచుగడ్డలు, దాచే కమ్రా. కూలోళ్లు పని అయినంక నేలమీద నీళ్లు పోసేటోళ్లు. అది గడ్డగట్టినంక, కాళ్లకు గోనెపట్టలు సుట్టుకొని, దానిమీద హాకీ ఆడేటోళ్లు! చెండు లేదు, చెక్కబిళ్లతోటి ఆట. సర్రున జారుడు, దబ్బున పడుడు, ఒక్కటే నవ్వుడు. పైసలకు గాదు, షోకుకు. వరంగల్ నుంచి, గుల్బర్గా నుంచి సుత ఐసు కార్ఖానలోళ్లు వచ్చి ఆడిపోయేటోళ్లు.

యాభై రెండుల కొత్త కార్ఖానా పడ్డంక, సేఠ్ ఆ కమ్రాను ఆటగాళ్లకే ఇచ్చిండు. మంచిగ ఆడినోళ్ల కర్రలు గోడకు ఏలాడదీసి, కింద పేర్లు రాయించిండ్రు. వాకిట్ల 'నామ్‌వర్ కమ్రా', అంటె పేరుగన్నోళ్ల గది, అని బోర్డు. కర్రలకు ఒక కాయిదా ఉండె. బతికున్నోని కర్రకు వంపు కిందికి. సచ్చినోని కర్రకు వంపు పైకి, దానికి బంతిపూల దండ.

ఆ గోడమీద నడుమ కర్ర కృష్ణయ్యది. గాయన పెండ్లామే సత్తెమ్మ. రోజు తెల్లారంగ కమ్రా ఊడ్సేది ఆమెనే. నాలుగేండ్ల కింద కృష్ణయ్య ఐసు లారీమీద బీదర్ పోయిండు. జహీరాబాద్ల చాయ్ తాగొస్తనని దిగినోడు మల్ల లారీ ఎక్కలే. పీనుగు దొరకలే, ఖబరు లేదు. పిల్లాజెల్ల గూడ లేరు సత్తెమ్మకు. ఉన్నదల్ల ఆ కర్ర. 'వంపు కిందికున్నన్ని దినాలు నా మొగడు బతికున్నట్టే' అనుకుంట, రోజు దాన్ని కొంగుతోటి తుడిసేది.

గట్లుండంగ కార్ఖానా గుమాస్తా రంగనాథ్, కమ్రా పెత్తనం గాయనదే, ఒకనాడు ఆమెను పిలిచిండు.

"ఆదివారం ఆటగాళ్ల పెద్ద జల్సా ఉన్నది సత్తెమ్మా. అది కాంగనె కృష్ణయ్య ఫోటో పేపర్ల ఏపిస్త. బతికున్నోడైతె యాడున్నా దొర్కుతడు."

సత్తెమ్మ సంతోషం సంతోషం గాదు! ఆ దినం ఆమెకు బువ్వ గూడ సయించలే.

మల్లనాడు గురువారం. తెల్లారి తలుపు తీసేసరికి... కృష్ణయ్య కర్ర వంపు పైకున్నది!

సత్తెమ్మ గబగబ కిందికి తిప్పింది. ఎవ్వలకు జెప్పలే. శుక్రవారం సుత గంతే. శనివారం సుత గంతే. తాళమేమో ఏసింది ఏసినట్టే ఉన్నది!

"రాత్రి రెండుసార్లు టక్ టక్ అన్నది చెల్లె," అన్నడు చౌకీదారు భిక్షపతి, గొంతు తగ్గించి. "ఆటకు ముంగట కృష్ణయ్య గట్లనే గద కర్రతోటి నేలకు కొట్టేటోడు... గాయనే వచ్చి, సచ్చిన్నని జెప్తున్నడు."

"నోరు ముయ్యన్నా!" అన్నది సత్తెమ్మ.

దెయ్యంమీద గాదు, ఆమె అనుమానం మరిది బాబురావుమీద. 'ఇగ గాజులు తీసెయ్ వదినె' అని ఏడాది సంది సతాయిస్తున్నడు. అన్న సచ్చిండంటె ఇల్లు ఆనిదే గద! భిక్షపతికి కల్లు తాపిచ్చి తాళంచెవి తీసుకుంటున్నడేమో... భిక్షపతి గూడ కలిసిండేమో... ఎవ్వల మొకం జూసినా ఆమెకు దొంగ మొకమే అగుపడ్డది. రేపు జల్సల అందరి ముంగట వంపు పైకుంటె? దండ పడ్తది. ఫోటో పేపర్లకెక్కది. మొగడు ఇగ ఎన్నటికి దొర్కడు.

ఆ రాత్రి ఆమె కమ్రాలకెల్లి బయటికి రాలే. కందిలి దీపం బుట్టకింద దాచి, రంపపుపొట్టు బస్తాల ఎనక కూసున్నది. భిక్షపతి ఎరుక లేక తాళమేసి పోయిండు.

చీకటి... చలి... పండ్లు టకటక కొట్టుకుంటున్నయ్. ఎంతసేపాయెనో.

కిర్రుమన్నది.

తలుపు గాదు. మంచుగడ్డలు బయటికి జార్చే కిటికి! ఒక నీడ అందులకెల్లి లోపటికి జారింది. గోడ దిక్కు పోయింది... కర్ర తీసింది...

టక్.

టక్.

గా కొట్టుడు బాబురావుకు రాదు. ఎవ్వలకు రాదు. 'అయ్యో దేవుడా, నిజంగనే సచ్చిండు... నాకు జెప్పనీకె వచ్చిండు' అని సత్తెమ్మ నోట్లె కొంగు కుక్కుకున్నది.

గప్పుడు ఆ నీడ దగ్గింది. బీడి వాసన గుప్పుమన్నది.

దెయ్యం దగ్గుతదా?

బుట్ట ఎత్తి దీపం ముంగటికి వట్టింది. గడ్డం పెరిగింది, పెయ్యి మంచిగ ఒళ్లు జేసింది... కృష్ణయ్యనే!

"బతికున్నవా..." ఉరికి చెయ్యి వట్టుకున్నది. చెయ్యి ఎచ్చగున్నది. "బతికే ఉన్నవా అయ్యా!"

గాయన చెయ్యి గుంజుకున్నడు.

"పేపర్ల ఫోటో ఏపియ్యకు సత్తీ... తమ్ముడు బాబురావు ఖబరు పెడ్తె వచ్చిన... నేను సచ్చిన్ననుకో."

"ఎందుకు? నేనేం జేసిన?"

గాయన కిటికిలకెల్లి జారి పోయిండు. పోంగ పోంగ రుమాల్లకెల్లి ఏందో కింద వడ్డది. సత్తెమ్మ దీపం వంచి చూసింది. లాడ్‌బజార్ పొట్లం. ఇప్పితె నాలుగు లక్క గాజులు. ఆమె మూడు వేళ్లు గూడ పట్టనంత చిన్నయి... రెండేండ్ల పిల్ల చేతికి సరిపోయేటియి.

తెల్లారేదాంక ఆమె గాడనే కూసున్నది.

జల్సకు జనం నిండిండ్రు. నడుమ కర్ర వంపు పైకున్నది. రంగనాథ్ గరమైండు. "ఎవరు తిప్పిండ్రు దీన్ని?"

"నేనే తిప్పిన అయ్యా," అన్నది సత్తెమ్మ. "గాయన సచ్చిండు."

"నీకెట్ల ఎరుక?"

"రాత్రి... నా కండ్లార సూసిన."

భిక్షపతి చేతులెత్తి మొక్కిండు. ఎనక నిలవడ్డ బాబురావు మాత్రం తల ఎత్తలే. దండ సత్తెమ్మనే ఏసింది. గాజులు తీపిద్దమని సక్కుబాయి ముసల్ది దగ్గరికొస్తె, చెయ్యి ఎనకకు తీసుకున్నది.

"గివి నా కూలి పైసలతోటి కొనుక్కున్నయి అవ్వా. గాయన తెచ్చినయి గావు."

ఆనాటి సంది టక్ టక్ బందయింది. అయినా ఆ గోడ పొంటి ఇప్పటికీ ఎవ్వలు నడువరు. దండ కింద, ఆ కర్ర వంపుకు నాలుగు పసిపిల్ల గాజులు ఏలాడుతుంటయట. యాడియని అడిగితె, "సచ్చినోనియే" అంటదట సత్తెమ్మ, కమ్రా ఊడ్సుకుంట.