టెర్రస్ మీద తెగిన బొమ్మ

ఆ ఉదయం హోటల్ టెర్రస్ మీద హత్యకు గురైన మనిషి కేబుల్ మెకానిక్ దుస్తుల్లో ఉన్నాడు. అతను సీక్రెట్ ఏజెంట్ అన్న సంగతి హోటల్ వాళ్ళెవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి అలాంటి దుస్తులే అతని తమ్ముడు వేసుకున్నాడు. అతనూ ఏజెంటే.

"ఏడవడానికి కూడా టైమివ్వలేకపోతున్నాను," అన్నాడు చీఫ్. "పై అంతస్తులో ముఠా ఉంటున్న గదిలో మీ అన్న కెమెరా దాచాడు. దాని కోయాక్సియల్ కేబుల్ టెర్రస్ మీదుగా మన వ్యాన్‌లోకి రావాలి. రెండు ముక్కలూ కలుపుతుండగా పొడిచేశారు. ఎవరో ఉప్పందించారు. కేబుల్ని మాత్రం టీవీ లైనే అనుకుని వదిలేశారు."

"టార్గెట్?"

"ప్రయాణికుల ఓడ. ఒకేలాంటి సూట్‌కేసులు వేర్వేరు దారుల్లో బయల్దేరతాయి. అన్నిటి వెంటా పడేంత మంది మనకి లేరు. బాంబు దేన్లో ఉందో చూడాలి."

"లోపల మనవాళ్ళు?"

"మీ వదిన. గదిలోంచి కదలనివ్వట్లేదు."

తమ్ముడి అనుమానం ఆమె మీదికే పోయింది. ఆ హోటల్లో పాటలు పాడుతూ విదేశీ ముఠాలో చేరిన డబుల్ ఏజెంట్ ఆమె. హోటల్లో ఉన్నవాళ్ళలో, అన్న టెర్రస్ ఎక్కుతాడని తెలిసింది ఆమెకొక్కతికే.

టెర్రస్ మీద రక్తాన్ని ఎవరో నీళ్ళు కుమ్మరించి కడిగేశారు. కేబుల్ ఒక చివర అన్న బిగించిన కనెక్టర్ తిన్నగా ఉంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని, రెండో చివర నల్ల తొడుగు కోశాడు. సన్నతీగల జాలీని వెనక్కి మడిచి, తెల్ల ప్లాస్టిక్ గీకి, నడిమి రాగితీగ బయటికి తీశాడు. కనెక్టర్ తొడిగి, రెంటినీ జాయింటర్‌లో బిగించాడు.

"బొమ్మ రాలేదు సార్!" చెవిలోని రిసీవర్‌లో వ్యాన్ ఆపరేటర్ గొంతు.

విప్పి చూశాడు. జాలీలోని ఒక పోగు రాగితీగకు తగులుతోంది. అన్న ఉంటే "నీ కంగారు తగలెయ్య!" అని నెత్తిన మొట్టేవాడు. కళ్ళు మసకబారాయి. మోచేత్తో తుడుచుకుని, ఆ చివర కోసేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

"వచ్చింది సార్! సూట్‌కేసులు మూసేస్తున్నారు... మేడమ్ సూటిగా కెమెరా వైపే చూస్తున్నారు!"

పట్టిచ్చేస్తోంది, అనుకున్నాడు.

"తన ఎర్ర రుమాలు ఒక సూట్‌కేస్ పిడికి కడుతున్నారు... అయ్యో, ముఠా బాస్ చూశాడు!"

కాళ్ళ కింది అంతస్తులో తుపాకీ పేలింది.

"రుమాలు పీకేసి, అదే సూట్‌కేస్ బట్టతలవాడికిచ్చి పంపేశారు!"

"బయటున్న మన స్క్వాడ్‌కి చెప్పు!" అంటూ అతను మెట్ల వైపు పరుగెత్తాడు.

గదిలో ముఠా లేదు. వదిన రక్తమోడుతూ గోడకు జారగిలబడి ఉంది.

"బొమ్మ వచ్చిందా?"

"వచ్చింది వదినా."

"మీ అన్న మొహం వీళ్ళలో ఒకడు గుర్తుపట్టాడు. నేను చెప్పలేదు."

"నాకు తెలుసు."

క్షణం క్రితం వరకూ అతనికి తెలియదు. ఆమె ఆ మాట నమ్మి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

రేవులో ఓడ కదలబోతుండగా, రిమోట్ బటన్ మీదికి వేలు పోనిచ్చిన బట్టతలవాడి చెయ్యి స్క్వాడ్ విరిచి పట్టుకుంది. మిగతా ముఠా హోటల్ వెనక గేటు దగ్గర దొరికింది.

రక్తమంటిన చేతులు వెనక్కి పెట్టుకుని అతను మెట్లు దిగుతుంటే ఒక గది తలుపు తెరుచుకుంది.

"ఏమయ్యా, పొద్దున్నుంచీ మా టీవీ రావట్లేదు. ఒక్కడికీ పట్టదా?"

అతను వెనక్కి తిరిగాడు. మళ్ళీ మెట్లెక్కాడు. ఆ హోటల్లో ఆ రోజు బాగుచేయడానికి వీలైనది అదొక్కటే మిగిలింది.